ఎవలు సూసిండ్రు?

గత దీపావళి సెలవులకు ఇంటికి పోయినప్పటి సంగతి. మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె. నల్లరేగడి నేల, పత్తి సాగు. పత్తి ఏరే రోజులు కనుక పగలంతా చేన్లో ఉండి, రాత్రి పూట అరుగు మీద కూర్చుని భూగర్భశాస్త్రం పేపరుకు చదువుకునేవాణ్ణి. పైకి చదివితే గాని నాకు నోటికి రాదు. "భారతదేశం ఒకప్పుడు ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఉండేది. తరువాత విడిపోయి ఉత్తరంగా ప్రయాణించి ఆసియాను ఢీకొన్నది" అని రెండుమూడు సార్లు వల్లె వేశాను. పక్కన నులక మంచం మీద పడుకున్న మా బాపు లేచి కూర్చున్నాడు.

"ఎవలు సూసిండ్రు రా?"

"పుస్తకంల ఉంది బాపూ."

"శావుకారి పుస్తకంల గూడ మస్తు రాసి ఉంటది. రాసిందల్ల నిజమేనా?"

నేను నోరు మెదపలేదు. ఆ ప్రశ్నకు పరీక్షలో నాకు 20కి 17 మార్కులు వచ్చాయి. బాపుకు మాత్రం ఒక్క మార్కు జవాబు కూడా చెప్పలేకపోయాను. లెక్క తప్పని అనుమానం ఉండి కూడా చదవటం రాక వేలిముద్ర వేసి వచ్చిన మనిషి ఆయన. నన్ను చదివిస్తున్నదే అందుకు. అటువంటి మనిషికి 'పుస్తకంలో ఉంది' అని చెప్పినందుకు నాకే సిగ్గేసింది. సెలవులయ్యాక లైబ్రరీలో కూర్చుని, మా లెక్చరర్లను విసిగించి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఖండాలు కదిలాయని గట్టిగా వాదించిన మొదటివాడు భూగర్భ శాస్త్రజ్ఞుడు కాడు. ఆల్ఫ్రెడ్ వెగెనర్ అనే జర్మన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు. 1912లో ఉపన్యాసంగా చెప్పి, 1915లో పుస్తకంగా రాశాడు. దక్షిణ అమెరికా తూర్పు తీరం, ఆఫ్రికా పడమటి తీరం ఒకదానిలో ఒకటి అమరుతున్నట్టుండటం అంతకు ముందే చాలామంది గమనించారు. అది కాకతాళీయం కావచ్చు కదా? చినిగిన వార్తాపత్రిక ముక్కలను అంచులు చూసి కలిపితే చాలదు, కలిపిన చోట అక్షరాల వరుసలు కూడా కలవాలి, అన్నది వెగెనర్ చెప్పిన పోలిక. ఆ అక్షరాలు రాళ్ళలో ఉన్నాయి.

అందులో ఒక అక్షరం మా ఇంట్లోనే ఉంది. మా మేనమామ బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఒకసారి బొగ్గు పొర మీది నల్లని పలకరాయి ముక్క తెచ్చి నాకు ఇచ్చాడు. దాని మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చు, నడుమ ఈనె, ఈనెకు అటూ ఇటూ వల అల్లినట్టు సన్నని గీతలు. గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకు అది. గ్రీకులో గ్లాసా అంటే నాలుక. సుమారు పాతిక, ముప్పై కోట్ల సంవత్సరాల కిందట ఆ చెట్లు బతికాయి. గోదావరి లోయలోని మన బొగ్గులో ఉన్న ఈ ఆకే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో దొరుకుతుంది. అంటార్కిటికాలో కూడా! 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన స్కాట్ బృందం గుడారంలో దాదాపు 16 కిలోల రాళ్ళు దొరికాయి. ఆకలితో, చలితో చచ్చిపోతూ కూడా వాళ్ళు ఆ బరువును పారెయ్యలేదు. ఆ రాళ్ళలో ఈ ఆకు ఉంది. ఇది చదివిన రాత్రి మా మామ ఇచ్చిన రాయి తీసి చాలాసేపు చూశాను.

ఈ ఖండాలన్నీ కలిసిన భూమికి పెట్టిన పేరు గోండ్వానా. మా జిల్లాలోనూ, మధ్య భారతంలోనూ ఉండే గోండుల పేరు మీదనే వచ్చింది. 1870లలో మన దేశపు భూగర్భ సర్వే వారు ఈ బొగ్గు రాళ్ళకు ఆ పేరు పెట్టగా, తరువాత ఎడ్వర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా పండితుడు దాన్ని ఆ మహాఖండానికి వాడాడు. మా వైపు గోండు పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో!

ఇంకొక అక్షరం పెన్‌గంగ దగ్గర ఉంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, ఇరై అనే చోట, బొగ్గు పొరలకంటే కింద ఉండే గులకరాళ్ళ పొర అడుగున సున్నపురాతి మీద సమాంతరంగా గీతలు, నునుపు దేలిన తలం కనిపించాయి. కదిలే మంచుగడ్డలు రాళ్ళను ఈడ్చుకుపోతే పడే గీతలవి. ఎండాకాలం 45 డిగ్రీలు కాసే నేల మీద హిమానీనదమా? అదే కాలపు మంచు గుర్తులు దక్షిణాఫ్రికాలో, బ్రెజిల్‌లో, ఆస్ట్రేలియాలో కూడా ఉన్నాయి. ఖండాలు ఇప్పుడున్న చోటనే అప్పుడూ ఉంటే భూమధ్యరేఖకు అటూ ఇటూ మంచు పరుచుకుని ఉండాలి. వాటిని దక్షిణ ధ్రువం చుట్టూ చేర్చి చూస్తే చిక్కు విడిపోతుంది.

ఇంత ఉన్నా పెద్దలు ఒప్పుకోలేదు. ఖండాల నడుమ ఒకప్పుడు నేల వంతెనలు ఉండేవి, అవి సముద్రంలో మునిగిపోయాయి అన్నారు. ఖండాల రాయి తేలిక, సముద్రపు అడుగు రాయి బరువు. చెక్క నీటిలో మునగనట్టే ఖండపు ముక్క మునగదు. ఆ మాట వెగెనర్ చెప్పాడు. కానీ, ఇంతటి ఖండాన్ని నెట్టే బలం ఏది అని వాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే సరైన జవాబు ఇవ్వలేకపోయాడు. పైగా గ్రీన్‌లాండ్ ఏటా మీటర్ల లెక్కన జరుగుతోందని తప్పు కొలతలను నమ్మాడు. అసలు వేగం రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే. అతన్ని ఎగతాళి చేసినవాళ్ళను మనం ఇప్పుడు తేలికగా తిడతాం. నాకు మాత్రం వాళ్ళు మా బాపు వంటివాళ్ళే అనిపిస్తుంది. 1930 నవంబరులో గ్రీన్‌లాండ్ మంచులో వెగెనర్ చనిపోయాడు. అప్పుడాయన వయసు 50.

ఆ తరువాతి సాక్ష్యం అయస్కాంతం నుంచి వచ్చింది. దీనికి మా చేను దాకా రావాలి.

రేగడి మన్ను ఊరికే నల్లబడలేదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పడమటి దక్కనులో నేల పగిలి లావా పొరలు పొరలుగా పారింది. ఆ నల్లరాయి శిథిలమైతే వచ్చిందే రేగడి. లావాలో ఇనుము గల మాగ్నటైట్ అనే ఖనిజం ఉంటుంది. లావా చల్లబడేటప్పుడు అది ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని గట్టిపడిపోతుంది. దారంతో వేలాడదీసిన అయస్కాంతపు సూది భూమధ్యరేఖ దగ్గర చదునుగా ఉంటుంది, ధ్రువం దగ్గర నిటారుగా నిలుస్తుంది, నడుమ ప్రాంతాల్లో ఏటవాలుగా ఉంటుంది. అంటే రాతిలోని వాలును కొలిస్తే అది ఏ అక్షాంశంలో పుట్టిందో లెక్క కట్టవచ్చు. 1950లలో లండన్ ఇంపీరియల్ కాలేజీ వారు దక్కను రాళ్ళను ఇలాగే కొలిచారు. తరువాత మనవాళ్ళూ ఎన్నోసార్లు కొలిచారు. ఆ రాళ్ళు భూమధ్యరేఖకు దక్షిణాన, సుమారు 30 డిగ్రీల దగ్గర పుట్టాయని తేలింది. మా ఊరు ఇప్పుడు ఉత్తరాన 19 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 5 వేల కిలోమీటర్లు దాటింది. సంవత్సరాలతో భాగిస్తే ఏటా సగటున 8 సెంటీమీటర్లు. ఈ భాగహారం నేనే చేశాను, తప్పుంటే నాదే.

మిగిలింది 'నెట్టేది ఏది' అన్న ప్రశ్న. దానికి జవాబు సముద్రం అడుగున దొరికింది. 1950లలో అమెరికాలో మేరీ థార్ప్ అనే ఆమె లోతు కొలతలు చూసి అట్లాంటిక్ అడుగు పటం గీస్తూ, నడి సముద్రపు పర్వతశ్రేణి మధ్యలో పొడవునా ఒక చీలిక ఉందని గుర్తించింది. తోటి శాస్త్రజ్ఞుడు మొదట అవి ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ చీలికలో నుంచి కొత్త రాయి పైకి వచ్చి రెండు వైపులా జరుగుతుందని హారీ హెస్ 1962లో రాశాడు. భూమి అయస్కాంత ధ్రువాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి, చివరిసారి మారింది సుమారు 7.8 లక్షల సంవత్సరాల కిందట. హెస్ చెప్పింది నిజమైతే సముద్రపు అడుగు రాతిలో ఆ మార్పులు చీలికకు రెండు వైపులా, అద్దంలో చూసినట్టు, జంట చారలుగా ఉండాలి. సరిగ్గా అట్లాగే ఉన్నాయి. ఈ వివరణ 1963లో ప్రకటించిన ఇద్దరిలో ఫ్రెడ్ వైన్ అప్పటికి పరిశోధక విద్యార్థి, మనకంటే నాలుగేళ్ళు పెద్దవాడు. అదే ఏడు కెనడాకు చెందిన లారెన్స్ మోర్లీ ఇదే మాట రాసి పంపితే రెండు పత్రికలు తిప్పి పంపాయి.

1968 చివర గ్లోమర్ చాలెంజర్ అనే ఓడ దక్షిణ అట్లాంటిక్‌లో వరుసగా బోర్లు వేసింది. నడి శ్రేణి నుంచి దూరం పోయినకొద్దీ అడుగు వయసు లెక్క ప్రకారం పెరుగుతూ వచ్చింది. ఒకచోట పుట్టిన నేల ఇంకొకచోట సముద్రపు అగాధాల్లో కిందికి కుంగిపోతుంది. చల్లబడి బరువెక్కిన ఆ అంచు తన వెనుక ఉన్న పలకనంతా గుంజుకుపోతుంది. వెగెనర్ దగ్గర లేని బలం ముఖ్యంగా ఇదే.

సంక్రాంతికి ఇంటికి పోయి ఇదంతా బాపుకు చెప్పాను. ఆకు రాయి చేతికిచ్చాను, దీపం దగ్గర పెట్టి తిప్పితిప్పి చూశాడు. "మరి ఇప్పుడు నడుస్తున్నదా, ఆగిందా?" అన్నాడు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఒక జి.పి.యస్. యంత్రం ఉపగ్రహాల ద్వారా కొలుస్తూనే ఉంటుందనీ, ఏటా 5 సెంటీమీటర్ల లెక్కన ఈశాన్యానికి జరుగుతున్నామనీ, మొన్న సర్వేయరు చేన్లోకి తెచ్చిన రోవర్ పని చేసేది కూడా ఆ ఉపగ్రహాలతోనేననీ చెప్పాను. ఎంత అని మూడు వేళ్ళు చూపించాను.

"గింతేనా? పక్క చేనాయన ఏటా గట్టు గింతకన్న ఎక్కువనే జరుపుతడు" అని నవ్వాడు. కొంచెం సేపు ఊరుకుని మళ్ళీ అడిగాడు: "రాయిలో సూది ఉంటదంటివి. మరి రాయి దొర్లితే సూది గూడ తిరుగది?"

నాకు భలే సంతోషమైంది. ఎందుకంటే మా లెక్చరరును నేనూ అదే అడిగాను. దొర్లిన గుండును ముట్టుకోరు, నేలలో పాతుకుని ఉన్న రాతిని, తియ్యక ముందే దాని మీద దిక్కు గీత గీసుకుని, అప్పుడు కోస్తారు అని చెప్పాను. బాపు తల ఊపాడు. ఆకు రాయిని తీసుకుపోయి గూట్లో పట్టా కాగితాల పక్కన పెట్టాడు. "ఇది కాలేజీకి తీస్కపోకు, ఈడనే ఉండని" అన్నాడు.