17 సెకన్ల తీర్పు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో అదే మొదటిది. పార్వతీపురం నుంచి వెళ్లి చూసేంత సీన్ నాకు లేదు కాబట్టి ఫోన్లోనే చూశాను. జాన్ ఎరిక్ వెర్న్ ఫస్టు, నిక్ కాసిడీ సెకండు, సెబాస్టియన్ బ్యుయెమీ థర్డు. కాసేపటికి బ్యుయెమీకి 17 సెకన్ల పెనాల్టీ వేశారు. దాంతో అతను 15వ స్థానానికి పడిపోయాడు. మూడో స్థానం డా కోస్టాకి దక్కింది.

అతను ఎవర్నీ గుద్దలేదు. రేసులో మామూలుగా 300 కిలోవాట్లు దాటి పవర్ తీయకూడదు (అటాక్ మోడ్‌లో 350). అతని కారు అనుమతించిన దానికన్నా ఎక్కువ తీసింది. ఈఈఈ వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. మీటర్ రీడింగ్‌తో వాదన ఉండదు, ఎవరి కారైనా గీత ఒక్కటే.

అదే రేసులో శామ్ బర్డ్ మలుపు దగ్గర సొంత టీమ్ కారునే, అంటే మిచ్ ఎవాన్స్‌నే గుద్దేశాడు. ఇద్దరి రేసూ పోయింది. ఇలాంటి వాటికి సెన్సర్ ఏం చెప్తుంది? వేగం చెప్తుంది, బ్రేక్ ఎప్పుడు నొక్కాడో చెప్తుంది. తప్పెవరిదో మాత్రం స్టీవర్డులే తేల్చాలి. అసలు గొడవంతా ఇక్కడే. ఫార్ములా వన్‌లో అయితే రేసు రేసుకీ స్టీవర్డులు మారుతుంటారు. పోయిన వారం ఊరుకున్న దానికి ఈ వారం పది సెకన్లు వేస్తే, "ఇదేటి బావూ" అని మనమే అంటాం. మా ఊళ్లో టెన్నిస్ బాల్ మ్యాచికి బ్యాటింగ్ టీమ్ కుర్రాడే అంపైరు. దానికన్నా నయమే అనుకోండి.

రూల్ రాసుంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. 2021 అబుదాబి చివరి ల్యాపులు గుర్తున్నాయి కదా. ల్యాప్ వెనకబడిన కార్లలో హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ మధ్య ఉన్న 5 కార్లనే రేస్ డైరెక్టర్ ముందుకి వెళ్లనిచ్చాడు. రూల్లో "ఏ కార్లైనా" అని ఉంది. అంటే అన్నీనా, కొన్నా? ఆ ఒక్క మాట మీద ఛాంపియన్‌షిప్ తిరిగింది. తర్వాతి ఏడాది దాన్ని "అన్ని కార్లూ" అని మార్చారు.

నాకు ఎక్కువ నచ్చింది ఆస్ట్రియా కథ. 2023లో అక్కడ ట్రాక్ గీత దాటారేమోనన్న అనుమానాలే 1,200 పైచిలుకు వచ్చాయి. అన్నీ చూసేసరికి రేసు అయిపోయింది. ఆ తర్వాత 8 మంది డ్రైవర్లకి పెనాల్టీలు పడ్డాయి, ఫలితాల పట్టిక మళ్లీ రాశారు. రూల్ అందరికీ ఒక్కటే. కానీ ముందున్న వాడికి పెనాల్టీ ఉందో లేదో తెలియకుండా వెనకున్న వాడు తన రేసు ఎలా ప్లాన్ చేసుకుంటాడు? నా లెక్కలో, ఆలస్యంగా వచ్చిన సరైన తీర్పు సగం తీర్పే.

2024కి ఆ చివరి రెండు మలుపుల దగ్గర గీత అవతల కంకర పరిచారు. దాటితే టైరు జారి టైమ్ పోతుంది, పెనాల్టీ అక్కడికక్కడే పడిపోయినట్టు. దానికి స్టీవర్డుతో పని లేదు.