ట్రాక్టరు కంప్రెసరు గాలి గొట్టముల నిర్వహణ

ట్రాక్టరు కంప్రెసరు అనగా ట్రాక్టరు వెనుక అమర్చబడి, దాని పి.టి.ఓ. షాఫ్టు నుండి శక్తిని గ్రహించి గాలిని ఒత్తిడితో నిలువచేయు యంత్రము. ఈ గాలితో నడచు జాక్‌హామరుతో రాతిలో రంధ్రములు వేయుదురు. కంప్రెసరు నుండి జాక్‌హామరుకు గాలిని చేర్చు రబ్బరు గొట్టములను వాడుకలో ఎయిర్ పైపులు అందురు. యంత్రమంతటిలో త్వరగా చెడునవి ఈ గొట్టములు, వాటిని కలుపు కప్లింగులే. బావిలోనికి దిగి పనిచేయువారి క్షేమము వీటిపై ఆధారపడి యుండును.

ప్రాంతము - అవసరము

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమునందలి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నేల అడుగున గ్రానైటు, నైసు శిలలు ఉన్నవి. ఆదోని కోట ఉన్న కొండలు ఇట్టి శిలలే. పూర్వపు కర్నూలు జిల్లాలో ఉండి 2022లో నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతముల నాపరాయి పొరలు పొరలుగా విడివడును. గ్రానైటు అట్లు విడిపోదు. కావున బావుల త్రవ్వకమునందును, పునాదుల పనులందును సమ్మెట, ఉలి స్థానమున జాక్‌హామరు వచ్చినది. మండువేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండ, పదునైన రాతి పెళ్ళలు, తుమ్మముళ్ళు గొట్టముల ఆయువును తగ్గించును.

గొట్టము నిర్మాణము

గాలి గొట్టమునకు మూడు పొరలుండును. లోపలి రబ్బరు గాలిని నిలుపును. నడుమనున్న నూలు లేదా సింథటిక్ దారపు అల్లిక ఒత్తిడిని భరించును. పై రబ్బరు ఒరిపిడి నుండి కాపాడును. పై పొర చిరిగి అల్లిక కనబడినచో గొట్టము బలము తగ్గినట్లే. కంప్రెసరు గాలిలో నూనె తుంపరలుండుటచే సాధారణ రబ్బరు ఉబ్బి మెత్తబడును. కావున నీటి గొట్టములను దీనికి వాడరాదు.

జాక్‌హామరుకు సాధారణముగా చదరపు సెంటీమీటరుకు 5 నుండి 7 కిలోల ఒత్తిడి గల గాలి కావలెను. లోపలి వ్యాసము 25 మి.మీ. గల గొట్టపు వైశాల్యము సుమారు 4.9 చ.సెం.మీ. 7 కిలోల ఒత్తిడి వద్ద కప్లింగును ఊడలాగు బలము సుమారు 34 కిలోల బరువుతో సమానము. కప్లింగు ఊడినచో ట్యాంకులోని గాలి వెలువడునంతవరకు గొట్టము కొరడావలె కొట్టుకొనును. దాని కొననున్న లోహపు ముక్క తగిలి మనుషులు మరణించు ప్రమాదము కలదు.

కప్లింగులు

రెండు కొక్కెములు గల కప్లింగులను ఒకదానిలో నొకటి చొప్పించి త్రిప్పి బిగింతురు. నడుమ రబ్బరు వాషరుండును. బిగించిన పిదప రంధ్రములలో పిన్ను తప్పక పెట్టవలెను. జాక్‌హామరు అదురునకు పిన్ను లేని కప్లింగు తిరిగి విడిపోవచ్చును. అతుకునకు ఇరువైపుల గొట్టములను కలుపుచు ఉక్కు తాడు కట్టినచో, అతుకు ఊడినను గొట్టము ఎగిరిపడదు.

గొట్టమును నిపులుకు బిగించుటకు తగిన క్లాంపులే వాడవలెను. కట్టుతీగ చుట్టుట ప్రమాదకరము. అది రబ్బరును కోయును, ఒత్తిడికి జారును. కొన వద్ద చీలిన గొట్టమును ఆ భాగమునకు ఆవల సమముగా కోసి, నిపులును పూర్తిగా చొప్పించి తిరిగి బిగించవచ్చును. నడుమ ఉబ్బిన గొట్టమును పారవేయవలెను. మరలపై తెల్ల టేపును మర తిరుగు దిశలోనే చుట్టవలెను.

నిత్య పరిశీలన

* పనికి ముందు, గాలి లేనప్పుడు, గొట్టము పొడవునా పగుళ్ళు, ఉబ్బులు చూడవలెను.
* గాలి నింపిన పిదప అతుకులపై సబ్బునీరు పూసి బుడగలు గమనించవలెను. చేతితో తడిమి చూడరాదు. పీడనముతో వచ్చు గాలి చర్మములోనికి చొచ్చుకొనిపోగలదు.
* జాక్‌హామరుకు తగిలించుటకు ముందు గొట్టపు కొనను గట్టిగా పట్టి, మనుషులు లేని వైపునకు త్రిప్పి, కొద్దిగా గాలి వదలి దుమ్మును పోగొట్టవలెను.
* బావిలోనికి దించు గొట్టమును పై అంచున తాడుతో కట్టవలెను. దాని బరువు కప్లింగుపై పడరాదు.
* గొట్టముపై ట్రాక్టరును నడపరాదు.
* పని ముగిసిన పిదప వాల్వు మూసి, జాక్‌హామరును నడపి, గొట్టములోని గాలి పోయిన తరువాతనే కప్లింగు విప్పవలెను.
* ట్యాంకు అడుగున చేరిన నీటిని ప్రతిదినము వదలవలెను. ఆ నీరు ట్యాంకును త్రుప్పు పట్టించును, జాక్‌హామరులోని నూనెను కడిగివేయును.
* గొట్టమును మడతపడకుండ పెద్ద చుట్టగా చుట్టి నీడలో ఉంచవలెను.

కంప్రెసరు నుండి ట్యాంకునకు పోవు గాలి వేడి 150 డిగ్రీలు దాటవచ్చును. కావున అచట సాధారణ రబ్బరు గొట్టము పనికిరాదు. ఆ లోహపు గొట్టములో నూనె మసి పేరుకొనినచో నిప్పంటుకొను ప్రమాదము కలదు. దానిని అప్పుడప్పుడు విప్పి శుభ్రము చేయవలెను.

గాలి కారుట వలని నష్టము

7 కిలోల ఒత్తిడి వద్ద 3 మి.మీ. రంధ్రము గుండా నిమిషమునకు సుమారు 600 లీటర్ల గాలి వృథా యగును. అందుచే జాక్‌హామరు దెబ్బ బలహీనమై, అదే రంధ్రము వేయుటకు ఎక్కువ సమయము, ఎక్కువ డీజిలు పట్టును. ఒత్తిడి తగ్గినదని సేఫ్టీ వాల్వును బిగించుట పెద్ద పొరపాటు. దానిచే ట్యాంకు పగులవచ్చును. ముందు చూడవలసినవి వాషర్లు, క్లాంపులే. తక్కువ ఖర్చుతో మార్చదగిన ఈ చిన్న భాగములే పనివాని ప్రాణమునకు, యజమాని డీజిలుకు రక్షణ.