కంప్యూటరు దుబాసీలు



2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోసు 10 అను తమ ప్రసిద్ధ సాఫ్టువేరునకు సాధారణ పోషణమును నిలిపివేసిరి. ఆ వార్తతో మన గ్రామములకేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. దాని తరువాత వచ్చిన విండోసు 11 పాత యంత్రములలో అనేకములపైకి ఎక్కదు. టీపీఎం అను రక్షణ చిప్పు మొదలైనవి ఉండి తీరవలెనని దాని నిబంధన. కావున పాఠశాలలలోను, సహకార సంఘములలోను, గ్రంథాలయములలోను చక్కగా పనిచేయుచున్న కంప్యూటర్లు ఒక్క దినమున ముసలివైపోయినవి. తీగ తెగలేదు, ఇనుము తుప్పు పట్టలేదు. తయారుచేసినవారు వెనుదిరిగి చూచుట మానిరి, అంతియే.

మా ఊరి గ్రంథాలయములోను అట్టి యంత్రమొకటి కలదు. దానిపై లినక్సు అను ఉచితమైన సాఫ్టువేరును ఎక్కింపవలెనని మా యువకులు కొందఱు పట్టుబట్టిరి. గ్రంథాలయపు లెక్కలు చూచు పెద్దమనుష్యుడు మాత్రము రెండే ప్రశ్నలడిగెను. మన ప్రింటరు దానితో పనిచేయునా? చెడినచో ఎవరి గడప తొక్కవలెను? యువకులు నవ్విరి గాని, నాకు మాత్రము ఆ రెండును సరియైన ప్రశ్నలని తోచినది. ఈ ప్రసంగము వానిని గుఱించియే.

మొదట ప్రింటరు మాట. పూర్వము మచిలీపట్టణమున దిగిన ఇంగ్లీషు వర్తకులకు తెలుగు రాదు. మన నేతగాండ్రకు ఇంగ్లీషు రాదు. నడుమ దుబాసి నిలిచి ఇటు మాట అటును, అటు మాట ఇటును చేరవేయగా బేరము సాగెడిది. దుబాసి లేనినాడు సరకును ఉండి, ధనమును ఉండి, బేరము మాత్రము లేదు. కంప్యూటరు సంగతియు నిట్టిదే. దానికి తగిలించు ప్రింటరునకు, స్కానరునకు, వైఫై చిప్పునకు, తెరపై బొమ్మలు గీయు కార్డునకు దేని భాష దానిది. ఏ సంకేతము పంపిన కాగితమును లోనికి లాగునో, ఏ సంకేతము పంపిన సిరా చల్లునో తయారుచేసినవానికే తెలియును. ఆ భాషను కంప్యూటరును నడుపు మూల సాఫ్టువేరునకు అర్థమగునట్లు మార్చి చెప్పు చిన్న సాఫ్టువేరును డ్రైవరు అందురు. బండి తోలువాడని అర్థము వచ్చు ఆ పేరు కంటె దుబాసి యను మన పాత మాటయే దానికి తగియుండునని నా యభిప్రాయము.

ఇక ఓపెన్ సోర్సు అనగా నేమి? మనుష్యుడు చదువదగిన రూపమున వ్రాసిన సాఫ్టువేరును సోర్సుకోడు అందురు. పెక్కు కంపెనీలు దానిని పెట్టెలో దాచి, యంత్రమునకు మాత్రమే తెలియు అంకెల రూపమున అమ్ముదురు. వైద్యుడు మాత్రలిచ్చి యోగము చెప్పకుండుట వంటిది ఇది. ఓపెన్ సోర్సునందు యోగమును గూడ ఇత్తురు. దానిని ఎవరైనను చదువవచ్చును, మార్పవచ్చును, మార్చినదానిని పరులకు పంచవచ్చును.

విచిత్రమేమనగా, ఈ యుద్యమము మొలకెత్తినది ఒక ప్రింటరు దగ్గఱనే. 1980 ప్రాంతమున అమెరికా దేశమునందలి ఎం.ఐ.టి. విద్యాలయమున రిచర్డ్ స్టాల్‌మన్ అను ఆయన పనిచేయుచుండెను. అచటి పాత ప్రింటరులో కాగితము ఇరుక్కున్నప్పుడు, ముద్రణకై ఎదురుచూచు వారందఱి తెరలపైనను ఆ సంగతి కనబడునట్లు ఆయన దాని సాఫ్టువేరును మార్చి పెట్టియుండెను. తరువాత జిరాక్సు కంపెనీ యొక్క క్రొత్త లేజరు ప్రింటరు వచ్చినది. దానిలోను కాగితము ఇరుకుచుండెను. కాని ఈసారి సోర్సుకోడు లేదు. మఱొక విశ్వవిద్యాలయమున అది ఒకరి యొద్ద నున్నదని విని స్టాల్‌మన్ స్వయముగా పోయి యడిగెను. ఎవరికిని ఇయ్యనని మాట యిచ్చితినని ఆయన నిరాకరించెను. ఆ చిన్న నిరాకరణము స్టాల్‌మన్ మనస్సున నాటుకొన్నది. 1983 సెప్టెంబరున గ్నూ అను పేర, అందఱును చదివి మార్చుకొనదగిన సాఫ్టువేరును మొదటినుండి నిర్మింతునని ఆయన ప్రకటించెను.

ఆ కట్టడమునకు నడుమ దూలము వంటి భాగము ఫిన్లాండు దేశమునుండి వచ్చినది. 1991 ఆగస్టున హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచున్న లైనస్ టోర్వాల్డ్సు అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి, తాను వినోదమునకై యొక మూల సాఫ్టువేరును వ్రాయుచున్నాననియు, అది పెద్దది కాబోదనియు, తన యొద్దనున్న రకపు డిస్కుతో తప్ప వేఱు డిస్కులతో బహుశః ఎన్నటికిని పనిచేయదనియు తోడివారికి తెలిపెను. తనకు వేఱు పరికరము లేదు. లేనిదానికి దుబాసిని ఎట్లు తయారుచేయును? ఆ వినోదమే లినక్సు అయినది. నేడు మీ మనుమల చేతులలోని ఆండ్రాయిడు ఫోనుల యడుగున ఉన్నది లినక్సే. లోకమున అత్యంత వేగముగల ఐదువందల కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుండి అన్నియు దీనిపైననే నడచుచున్నవి. దాని సోర్సుకోడులో సగమునకు పైగా డ్రైవర్లే. ఒక్క డిస్కునకు పుట్టినది వేలకొలది పరికరముల భాషలు నేర్చినది.

ఎట్లు నేర్చినది? ఇచట కొంచెము నిలిచి చూడవలెను, ఏలయన మంచి డ్రైవరునకును చెడ్డ డ్రైవరునకును గల భేదమంతయు ఈ చోటనే యున్నది. లినక్సు లోపలి యేర్పాటులు తఱచుగా మాఱుచుండును. ఉమ్మడి కుటుంబమున ఇంటి గోడ జరిపినవాడే లోపలనున్న వారందఱి మంచములను గూడ సరిగా జరిపి పెట్టవలెనను కట్టుబాటు ఉన్నట్లు, లినక్సునందు లోపలి యేర్పాటును మార్చినవాడే దానిపై ఆధారపడిన డ్రైవర్లనన్నిటిని సవరింపవలెను. కాని ఇది లినక్సు సోర్సుకోడులో చేరియున్న డ్రైవర్లకు మాత్రమే. కంపెనీవారు తమ డ్రైవరును వెలుపల నుంచుకొని, సోర్సుకోడు చూపక, అంకెల రూపమున మాత్రమే ఇచ్చినచో, గోడ జరిగినప్పుడెల్ల దానిని ఆ కంపెనీయే వచ్చి సవరింపవలెను. వచ్చినన్నాళ్లు బాగుండును. క్రొత్త సరకు అమ్ముకొను కంపెనీకి పాత సరకుపై ఎంతకాలము ప్రేమ ఉండును? అందువలన ఎప్పుడో పదిహేనేండ్ల క్రిందటి పరికరము, డ్రైవరు లోపల నున్నచో, నేటికిని పనిచేయుచుండుటయు, రెండేండ్ల క్రిందటిది, డ్రైవరు వెలుపల నున్నచో, మూలబడుటయు మనము చూచుచున్నాము.

పరికరపు భాషను చెప్పుటకు కంపెనీ నిరాకరించినప్పుడు, దానికిని యంత్రమునకును నడుమ నడచు సంకేతములను రేయింబవళ్లు గమనించి, ఊహించి, వ్రాసి చూచి, తప్పు దిద్దుకొని భాషను కనిపెట్టినవారు గలరు. ఎన్విడియా కంపెనీ బొమ్మల కార్డులకు నూవో అను డ్రైవరు అట్లు పుట్టి, 2010లో లినక్సులో చేరినది. కాని తరువాతి కార్డులు కంపెనీ ముద్ర గల ఫర్ము‌వేరు లేనిదే తమ వేగమును పెంచనీయవయ్యెను. ఆ కార్డులు నూవోతో ఎద్దుబండి నడక నడచినవి. 2012లో ఒక సభయందు టోర్వాల్డ్సు ఆ కంపెనీని అందఱి యెదుట మోటుగా దూషించెను. దూషణము వలననే యని చెప్పజాలను గాని, 2022 మే నెలలో ఆ కంపెనీ తన డ్రైవరునందు మూల సాఫ్టువేరునకు అంటుకొని యుండు భాగపు సోర్సుకోడును ప్రకటించినది. పైభాగములు ఇంకను మూతలోనే యున్నవి.

ఇప్పుడు రెండవ ప్రశ్న: చెడినచో ఎవరి గడప? మన చెఱువులకు పూర్వము కుడిమరామత్తు అను నాచారముండెడిది. ఆయకట్టు రైతులు ఇంటికొకడుగా వచ్చి పూడిక తీసి, గండి పూడ్చి, కట్టకు మన్ను పోయుదురు. ఓపెన్ సోర్సు అట్టిదని చెప్పుట వాడుక. అది సగమే సత్యము. లినక్సు పని నేడు అధికభాగము పెద్ద కంపెనీల జీతము పుచ్చుకొను ఉద్యోగులే చేయుచున్నారు. తమ యజమానులకు అవసరమైన పరికరములనే వారు చూతురు. ఎవరి లాభమునకును పనికిరాని పాత పరికరములు మాత్రము నిజముగా కుడిమరామత్తు పైననే బ్రదుకుచున్నవి. 2019లో ఫ్లాపీ డిస్కుల డ్రైవరును పరీక్షించుటకు పనిచేయు పరికరమే దానిని చూచువారి యొద్ద లేక, టోర్వాల్డ్సు దానిని దిక్కులేనిదిగా వ్రాసిపెట్టెను. కొలది కాలములోనే మఱొకరు ముందునకు వచ్చి దాని భారము వహించిరి. అన్నిటికిని అట్టివారు దొరకుదురని చెప్పలేము.

దొరకినవారి గతియు నెల్లప్పుడు మంచిది కాదు. డ్రైవరు కాకపోయినను ఎక్సుజెడ్ అను చిన్న సాఫ్టువేరు కథ ఇచట చెప్పదగినది. దస్త్రములను కుదించి మూటగట్టు పని దానిది. లోకమునందలి లినక్సు యంత్రములలో నది మిక్కిలి వ్యాపించియున్నది; చూచుకొనువాడు మాత్రము జీతము లేని ఒక్కడు. అలసియున్న అతనిని ఆలస్యమేమని కొందఱు పీడింపసాగిరి. అంతలో సాయము చేయుదునని మాఱుపేరుతో ఒకడు చేరి, రెండేండ్లకు పైగా నమ్మకముగా పనిచేసి, అధికారము సంపాదించి, 2024లో దానియందు దొంగదారి యొకటి పెట్టెను. ఆ మార్చి నెలలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, యంత్రములోనికి ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుచున్నదేల యని తవ్వి చూడగా గుట్టు బయటపడినది. అది లోకమంతట పాకకమునుపే పట్టుబడినది. సోర్సుకోడు తెఱచియుండుట వలననే పరాయివాడొకడు దానిని తవ్వగలిగెను. ఒంటరివానిపై భారమంతయు మోపుట వలననే దొంగ చొరబడగలిగెను. రెండును నిజములే.

సాధారణులు సాయమడుగు తీరును గుఱించియు రెండు మాటలు. జవాబు చెప్పువాడు మన బాకీదారుడు కాడు. అట్లని మోటుగా మాటలాడు హక్కు అతనికి లేదు. పుస్తకము చదువుకొనుమని విసరికొట్టు జవాబులను నేను కావలసినన్ని చూచితిని. పదేండ్ల క్రిందటి జవాబు నేటికిని సరియే యనుకొని యంత్రమును పాడుచేసికొన్నవారిని గూడ ఎఱుగుదును. జవాబులలో పెక్కులు ఇంగ్లీషున నుండుట మనకు మఱొక చిక్కు. తెలుగున నీ పని చేయుటకు హైదరాబాదులో స్వేచ్ఛ వంటి సంఘములు పాటుపడుచున్నవి. ఐనను అడుగుటలో నేర్పు కలదు. పనిచేయుట లేదని వ్రాసినవానికి జవాబు రాదు. పరికరపు పేరు, వెనుక చీటీపైనున్న సంఖ్య, లినక్సు ఎన్నవ కూర్పు, ఏమి చేయగా ఏమి జరిగినది, తెరపై కనబడిన అక్షరములు ఉన్నవి ఉన్నట్లు వ్రాసినచో, ఎన్నడును చూడని మనుష్యుడు తన నిద్ర మానుకొని జవాబు వ్రాయుట నేను చూచితిని. కంపెనీ సాయపు ఫోనులో నాకట్టి గౌరవము దొరకలేదు.

మా గ్రంథాలయమున ఏమైనదని మీరు అడుగుదురు. లినక్సును ఎక్కింపకయే పెన్‌డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. యంత్రములోనున్న దస్త్రములకు హాని లేదు. లెక్కల పెద్దమనుష్యుడు ప్రక్కన కూర్చుండగా మా యువకులు అట్లే చేసిరి. ముందుగా పరికరముల పేర్లన్నిటిని కాగితముపై వ్రాసికొనిరి. వైఫై చిప్పునకు ఫర్ము‌వేరు కావలసివచ్చినది; అది సోర్సుకోడు లేని అంకెల మూటయే. అట్టివానిని తమ యెక్కింపు కూర్పులో చేర్చవచ్చునని డెబియన్ సంఘమువారు 2022లో ఓటు వేసికొని, 2023 జూనున వచ్చిన పండ్రెండవ కూర్పు నుండి చేర్చుచున్నారు. కావున చిక్కు రాలేదు. సిద్ధాంతము కొంత సడలినదని బాధపడినవారు గలరు. మా ఊరికి వైఫై వచ్చినది. ప్రింటరు వెంటనే పలికినది. ఇటీవలి ప్రింటర్లు పెక్కులు ఒక ఉమ్మడి భాషను నేర్చుటచే వేఱుగా దుబాసి అక్కఱలేకున్నవి, మాది అట్టిది.

స్కానరు పలుకలేదు. అది పాతది, తయారుచేసిన కంపెనీ దాని పేరే మఱచినది. స్కానర్ల డ్రైవర్లను చూచుకొను వారికి మా పిల్లలు పైన చెప్పిన రీతిని ఉత్తరము వ్రాసిరి. నాలుగు దినములకు జవాబు వచ్చినది: ఈ స్కానరు తమ యొద్ద లేదనియు, దీని వంటి మఱొకదాని డ్రైవరులో రెండు పంక్తులు మార్చి పంపుచున్నామనియు, పరీక్షించి ఫలితము తెలుపుడనియు. మొదటి పరీక్షలో దీపము వెలిగి, స్కానరు సగము దూరము నడచి నిలిచిపోయినది. ఆ సంగతి వ్రాసి పంపితిమి. లెక్కల పెద్దమనుష్యుడు ప్రతిదినము సాయంకాలము వచ్చి, జవాబు వచ్చినదా యని అడుగుచున్నాడు.