మాట తెలుసు... నోరు తిరగదు!

“బాబుకు నాలుగేళ్ళు నిండాయి డాక్టరుగారూ. చెప్పిందంతా అర్థం చేసుకుంటాడు, మాట మాత్రం రాదు. నాలుక మందమేమో చూడండి!” షాద్‌నగర్‌లో మా దగ్గరకు వచ్చే తల్లులు తరచు అడిగే మాట ఇది. వస అరగదీసి నాకించామనీ, మేనమామకూ మాటలు ఆలస్యమేననీ కూడా చెబుతారు.

నాలుకలో లోపం లేకుండానే, విషయం అర్థమవుతూనే మాట పలకలేని స్థితి ఒకటుంది. దాని పేరు ‘స్పీచ్ అప్రాక్సియా’. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఫ్రెడరిక్ డార్లీ 1960ల చివర దీన్ని ప్రత్యేకమైన లోపంగా గుర్తించాడు. ‘సీతాఫలం’ అనాలంటే నాలుక, పెదవులు, దవడ, గొంతు ఒకదాని వెంట ఒకటి వరస తప్పకుండా కదలాలి. ఆ వరసను సిద్ధంచేసేది మెదడు. అక్కడ చిక్కు వస్తే మాట మనసులో ఉన్నా నోరు తిరగదన్నమాట.

ఎలా గుర్తుపట్టాలి? ఇలాంటి పిల్లవాడు ఒకసారి ‘తీతాపం’ అంటాడు, మరోసారి ‘పీతాలం’ అంటాడు. అదే మాట ప్రతిసారీ ఒక్కో తీరుగా తప్పుతుంది. అచ్చులు కూడా మారిపోతాయి. మాట పొడవైన కొద్దీ కష్టం పెరుగుతుంది. పెదవులు ఆ శబ్దం కోసం వెతుక్కుంటున్నట్లు కదులుతాయి.

ఇది బద్ధకం కాదు, మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు. చాలామంది పిల్లల్లో కారణం తెలియదు. కొందరిలో జన్యువుల మార్పు కనిపిస్తుంది. మాట రానివాడిని మందబుద్ధి అని బడిలో వెనకబెంచీకి తోస్తే, ఉన్న తెలివి కూడా వాడుకలోకి రాకుండా పోతుంది.

పెద్దవారిలో ఇది ఎక్కువగా పక్షవాతం వల్ల, కొన్నిసార్లు తలకు తగిలిన దెబ్బ వల్ల వస్తుంది. ఒకటి నుంచి పది వరకు గడగడా లెక్కపెట్టే మనిషి, ‘ఏడు’ అనమంటే తడబడవచ్చు. అది నటన కాదు. అయితే ఉన్నట్టుండి మాట పడిపోతే ఏ రకమా అని ఆలోచిస్తూ కూర్చోకండి. నోట్లో మాత్రలు, పసర్లు వేయకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, స్కానింగు ఉన్న ఆస్పత్రికి చేర్చండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. తెల్లవారాక చూద్దామనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

పిల్లలకు మొదట వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇలాంటి వారికోసమే ఉంది. దీన్ని నయంచేసే టానిక్కు గాని, మాత్ర గాని లేదు. వస పోస్తే వసపిట్ట కాడు. నాలుక కోయించడం వల్లా ఇది తగ్గదు. మందల్లా సాధనే.

ఇంట్లో రోజుకు రెండుమూడుసార్లు, పదేసి నిమిషాలు చాలు. ఎదురుగా కూర్చుని, మీ నోరు కనబడేట్టు, నిదానంగా పలకండి. ‘నీళ్ళు’, ‘అన్నం’, ‘ఇవ్వు’ వంటి రోజూ పనికివచ్చే నాలుగైదు మాటలతో మొదలుపెట్టండి. సైగలు, బొమ్మలు వాడనివ్వండి. వాటివల్ల మాట వెనకబడదు. చుట్టాల ముందు “ఏదీ, అను!” అని నిలదీయకండి. మాట పూర్తయ్యేదాకా ఆగి వినండి. ఫలితం కనబడడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పట్టవచ్చు. మధ్యలో మాత్రం మానకండి.