రక్తపిశాచుల యింటిగుట్టు

ఈ నెల మేము వ్రాయబూనిన విషయమును చూచి మీరు ముక్కుపై వ్రేలు వేసికొందురేమో. నెత్తురు త్రాగు పిశాచములును, తోడేళ్లుగ మాఱు మనుష్యులును కత్తులతోడను తుపాకులతోడను పోరు చలనచిత్ర మొకటి మేము చూచితిమి. చూచుటయే కాక, నాలుగు దినములు వంటచేయుచు దానినే తలపోసితిమి. దాని పేరు "అండర్‌వరల్డ్: ఎవల్యూషన్". 2003లో వచ్చిన "అండర్‌వరల్డ్"కు ఇది తరువాయి, 2006లో విడుదలయినది. రెండింటికిని దర్శకుడు లెన్ వైజ్‌మన్. పాత చిత్రములను మరల వేయు నొక సినిమాశాలకు కళాశాలలో చదువు మా మఱది మమ్ము తోడ్కొనిపోయెను. "వదినగారూ, మీరు భారతము చదివినవారు గదా! ఇదియు నన్నదమ్ముల గొడవయే. చూచి మీ మాట చెప్పవలెను" అని యాతని పట్టుదల.

మొదట ఆ దేశపు పిశాచమును గూర్చి రెండు మాటలు. బ్రతికియున్నవారి నెత్తురు త్రాగుటకై గోరీనుండి లేచివచ్చు శవమును వాంపైర్ అందురు. 1870లో రిచర్డ్ బర్టన్ అను నాంగ్లేయుడు మన బేతాళకథలను "విక్రముడును వాంపైరును" అను నర్థము వచ్చు పేరుతో ప్రకటించెను గాని, ఆ పోలిక మా కంతగా రుచింపదు. మన బేతాళుడు విక్రమార్కుని భుజముపై నుండి కథ చెప్పి ధర్మసందేహ మడుగును. అచ్చటిది కంఠము కొఱుకును. 18వ శతాబ్దమున తూర్పు యూరపులో నీ భయము మిక్కిలి ప్రబలి, జనులు గోరీలు త్రవ్వి శవములను కాల్చుచుండిరి. హంగేరీరాణి మరియా థెరిసా తన వైద్యుడగు గెరార్డ్ వాన్ స్వీటెన్ చేత సంగతి విచారింపజేసి, ఇదంతయు మూఢవిశ్వాసమని తెలిసికొని, 1755లో నట్టి పనులను శాసనముచే మాన్పించెను. పదునాఱుగురు బిడ్డలను కన్న తల్లి యామె. పిశాచమును వెడలగొట్టుట కామె మంత్రగానిని పిలువలేదు.

చిత్రములోని వంశమును హంగేరీదే. అయిదవ శతాబ్దమున మహామారి వచ్చి యూరంతయు నశింపగా, అలెగ్జాండర్ కార్వినస్ అను దొర యొక్కడు బ్రతికి, చావులేనివా డగును. (కార్వినస్ అను బిరుదుగల మత్తియాస్ అను రాజు 1458 మొదలు 1490 వఱకు హంగేరీని నిజముగ నేలెను, చిత్రమువారు పేరు మాత్రము వాడుకొనిరి.) ఆ దొరకు ముగ్గురు కొడుకులు. వారిలో కవలలగు మార్కస్, విలియమ్ అనువారిలో నొకనిని గబ్బిలము కఱచెను, రెండవవానిని తోడేలు కఱచెను. గబ్బిలము కఱచినవాడు రక్తపిశాచులకు మూలపురుషుడు. తోడేలు కఱచినవాడు మరల మనుష్యరూప మెత్తలేక, ఊళ్లపై బడి కనబడినవారి నెల్ల కొఱుకును, కఱవబడినవారును తోడేళ్లగుదురు. మూడవవాని సంతతి మాత్రము మామూలు మనుష్యులుగ నుండిపోయెను.

1202లో విక్టర్ అను పిశాచప్రభువు విలియమును పట్టి, ఎవ్వరికిని తెలియని చెఱసాలలో బంధించును. దానిని కట్టిన వా డొక శిల్పి. కట్టడము ముగిసిన పిమ్మట, గుట్టు బయటపడకుండుటకై విక్టర్ ఆ శిల్పిని భార్యాబిడ్డలతో గూడ చంపెను. సెలీన్ అను పిల్ల నొక్కదానిని మాత్రము విడిచెను. విడుచుటకు కారణ మేమనుకొందురు? కన్నకూతును తానే చంపించిన యా విక్టరుకు, ఈ పిల్ల ముఖములో నా కూతురు కనబడినదట! సెలీనును తనవలె రక్తపిశాచిగ మార్చి, నీవారిని తోడేళ్లు చంపినవని నమ్మించి, శతాబ్దములపాటు తన సేనలో వాడుకొనెను. కేట్ బెకిన్‌సేల్ ధరించిన పాత్ర యిదియే.

మమ్ము కదలించిన దిచ్చట నున్నది. ఈ పిశాచములకు నెత్తురుతో జ్ఞాపకములును సంక్రమించునట. ఒకరి రక్తము త్రాగినవారికి వారు చూచినదంతయు తెలియును. మార్కస్ తన తమ్ముని విడిపింపగోరి సెలీనును వేటాడును. ఏలయన, తండ్రి పని చేయుచుండగా ఆ చెఱసాలలో నాడుకొన్న బిడ్డ యామె. దారి యామె నెత్తురులో నున్నది. మేస్త్రీలు గోడ పెట్టుచోట ఇసుకలో గూళ్లు కట్టుకొను పిల్లలను మన మెందఱిని చూడలేదు? అట్టి యొక బిడ్డ యాటను తెరపై కత్తియుద్ధముల నడుమ చూపగా, మా గొంతు పట్టుకొనినది.

ఇక ఆ తండ్రి అలెగ్జాండర్. షేక్‌స్పియర్ నాటకములలో పేరుగన్న డెరెక్ జాకోబీ యీ పాత్ర ధరించెను. ఆ వృద్ధుడు ఓడలో నుండి, కొడుకులు చేసిన హత్యల యానవాళ్లను తన భటులచే తుడిపించుచుండును. మార్కసును నీవేల చంపలేదని సెలీన్ నిలదీయగా, కన్నకొడుకును చంపుమని నన్నడుగుదువా యని యాతని భావము. ధృతరాష్ట్రుడే! కన్నులున్న ధృతరాష్ట్రుడు. కొడుకుల యందలి ప్రేమ యాతనిది; దానికి చెల్లించిన వెల శిల్పి కుటుంబముది. తుద కా కొడుకే తండ్రిని పొడుచును.

అయితే ఆ కవలల తల్లి యెచ్చట? తెరపై నామె లేనేలేదు. మఱది యడిగిన భారతపు మాట మే మిచ్చటనే చెప్పవలసివచ్చెను. మన భీముడును వృకోదరుడు, అనగా తోడేలు కడుపువాడు. ఆతడును దాయాదుల పోరులో దుశ్శాసనుని నెత్తురు త్రాగినవాడే. కాని యుద్ధము ముగిసిన పిమ్మట ఆతడు గాంధారి యెదుట నిలిచి, ఆ నెత్తురు పెదవులు దాటి లోనికి పోలేదని సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. ఆ గాంధారియే, రెండవసారి జూదమునకు పాండవులను పిలుచునప్పుడు, దుర్యోధనుని విడువుమని భర్తకు చెప్పిన తల్లి. భర్త వినలేదు, అయినను సభలో నొకరు చెప్పిరి. అలెగ్జాండర్ ఓడలో నట్లు చెప్పువారు లేరు. చెప్పవలసిన మాటను, బిడ్డగ నున్నపుడే సర్వస్వము పోగొట్టుకొన్న పరాయిపిల్ల వచ్చి చెప్పినది.

పోరాటములను గూర్చి మేము వ్రాయదగిన దంతగా లేదు. 106 నిమిషములలో సగము తుపాకిమ్రోతయే. తోడేలు మాత్రము మెచ్చదగినది: బ్రయన్ స్టీల్ అను నటుడు విలియమ్ తోలువేషమును తొడిగికొని నటించెను, బరువు తెలియుచున్నది. నెత్తురు మితిమీఱినది, నడుమ నొక శృంగారదృశ్యము నున్నది. అమెరికాలో 17 ఏండ్లు నిండనివారు పెద్దల తోడు లేనిదే చూడరాదని నిర్ణయించిరి. మన పిల్లల నెంతమాత్రము కొనిపోవలదు.

తుదిని విలియమ్ మైకేల్ చేతను, మార్కస్ సెలీన్ చేతను చత్తురు. అలెగ్జాండర్ చనిపోవుచు నిచ్చిన రక్తము సెలీన్ దేహములో నున్నది గావున, ఉదయపుటెండ మీద పడినను ఆమె చేయి కాలలేదు. ఆఱువందల యేండ్లకు పైగా వెలుతురెఱుగని యాడుది తన చేతిని తాను చూచుకొనుట, ఈ చిత్రమునం దంతటను మిక్కిలి నిశ్శబ్దమైన ఘట్టము.

2012లో వచ్చిన "అవేకెనింగ్" అను భాగములో సెలీనుకు ఈవ్ అను కూతురు కలదు. 2016 నాటి "బ్లడ్ వార్స్" అను అయిదవ భాగమును ఆనా ఫోర్స్టర్ అను స్త్రీ దర్శించినది. అయిదింటిలో స్త్రీ దర్శకత్వము వహించిన దిదొక్కటే. ఆ కూతురి నెత్తురు కొఱకు శత్రువులందఱును వెదకుదురు. సెలీన్ రక్తము త్రాగినను వారికి జాడ దొరకదు. కూతురెచ్చట నున్నదో ఆ తల్లికిని తెలియదు.