నవీకరించిన గదిలో ప్రతినాదం: తిరుపతి, చిత్తూరు ప్రాంత గృహాల నేపథ్యంలో ఒక వివరణ

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో పాత ఇంటిని బాగుచేయించినవారు గది ప్రతిధ్వనిస్తోందని చెప్పడం పరిపాటి. శాస్త్రపరిభాషలో అది ప్రతిధ్వని కాదు. ప్రతిధ్వని విడిగా వినబడాలంటే అడ్డుగోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. గదిలో వినబడేది ప్రతినాదం. అనగా గోడలు, నేల, పైకప్పుల మధ్య పలుమార్లు పరావర్తనం చెందుతూ ధ్వని కొనసాగడం.

పెంకుటింటిలోనూ మట్టిమిద్దెలోనూ ధ్వనికి నిష్క్రమణ మార్గాలుండేవి. పెంకుల సందులు, నడవ, తెరచిన వాకిలి వాటిలో కొన్ని. నులకమంచం, బొంత, చాప మిగిలిన ధ్వనిని శోషించేవి. వాటి స్థానాన్ని పాలిష్ గ్రానైటు, విట్రిఫైడ్ టైల్స్, పుట్టీ గోడలు, గాజు కిటికీలు ఆక్రమించాయి. సమస్యకు మూలం ఈ మార్పే.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిర లోపాన్ని సరిదిద్దే బాధ్యతను 1895లో స్వీకరించిన వాలేస్ క్లెమెంట్ సాబిన్, దీనికి గణితరూపమిచ్చాడు. తెరచిన కిటికీని సంపూర్ణ శోషణకు ప్రమాణంగా గ్రహించాడు. మెట్రిక్ మానంలో ఆయన సూత్రం: ప్రతినాద కాలం (సెకన్లలో) = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ.

5 × 4 × 3 మీటర్ల ఖాళీ గదిని ఉదాహరణగా తీసుకుందాం. ఘనపరిమాణం 60 ఘనమీటర్లు, ఉపరితలం 94 చదరపు మీటర్లు. సగటు శోషణ గుణకం 0.03 అనుకుంటే ప్రతినాద కాలం సుమారు 3.4 సెకన్లు. అందులో 12 చదరపు మీటర్ల మేర 0.5 గుణకం గల దళసరి తెరలు, తివాచీలు అమర్చితే అది సుమారు 1.1 సెకన్లకు దిగుతుంది. సోఫా, పరుపులు, పుస్తకాల అర చేరితే మరింత తగ్గుతుంది.

ఇక్కడ రెండు అపోహలను తొలగించుకోవాలి. రంగువేసిన సాదా జిప్సం సీలింగు మాటల ధ్వనిని స్వల్పంగానే శోషిస్తుంది. రంధ్రాలున్న పలకల వెనుక ఖనిజ ఉన్ని పరచినప్పుడే ప్రయోజనం హెచ్చు. అలాగే, శోషక పదార్థం గదిలోని ప్రతినాదాన్ని తగ్గిస్తుందేగాని పొరుగింటి శబ్దాన్ని ఆపదు.

ఇది కేవలం సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదు. ఒక అక్షరపు ధ్వని సాగి తరువాతి హల్లును కప్పివేసినప్పుడు, వినికిడి తగ్గిన వృద్ధులు సంభాషణకే దూరమవుతారు. కనుక నేలరాయిని ఎంచుకునే దశలోనే శోషణ వైశాల్యాన్ని సైతం లెక్కించడం అవసరం.