బస్తర్‌లో ఉపశమన వైద్యం: సేవల జాబితాలో ఉంది, చెల్లింపు సంగతేంటి?

2018 ఏప్రిల్ 14న బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో దేశంలోనే తొలి ఆయుష్మాన్ భారత్ హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ ప్రారంభమైంది. ఇప్పుడు ఇలాంటి కేంద్రాలను ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అంటున్నారు. ఇవి అందించాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, ఉపశమన వైద్యం (పాలియేటివ్ కేర్) కూడా ఉన్నాయి. జాబితాలో పేరు చేరడం ఒక ఎత్తు. ఆ పని చేసే డాక్టరుకు, నర్సుకు సమయం, మందులు, జీతం సమకూర్చడం మరో ఎత్తు.

నిర్వచనంలోనే డబ్బు లెక్క

"ఇక మా చేతుల్లో ఏమీ లేదు" అని డాక్టర్లు చెప్పాక మొదలయ్యేదే ఉపశమన వైద్యం అని చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనం అలా లేదు. ప్రాణాపాయం కలిగించే జబ్బుతో బాధపడే రోగికి, ఆ కుటుంబానికి నొప్పిని, ఇతర శారీరక, మానసిక ఇబ్బందులను ముందుగానే గుర్తించి తగ్గించడమే దాని సారాంశం. క్యాన్సర్ ఒక్కటే కాదు, గుండె, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారికీ ఇది అవసరమే. ఏటా 5.68 కోట్ల మందికి ఈ సేవ కావాల్సి ఉండగా, సుమారు 14 శాతం మందికే అందుతోందని ఆ సంస్థ అంచనా.

చెల్లింపు దగ్గరికి వచ్చేసరికి ప్రతి వ్యవస్థా తనదైన గీత గీస్తుంది. అమెరికాలో 1983లో మొదలైన మెడికేర్ హాస్పిస్ పథకం రోజుకు ఇంత అని చెల్లిస్తుంది. అయితే జబ్బు సహజంగా ముదిరితే రోగి ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని డాక్టర్లు ధ్రువీకరించాలి. అదే నొప్పితో రెండేళ్లు బతికే రోగి ఆ గీతకు అవతలే ఉండిపోతాడు.

మన దేశంలో గీత వేరే చోట ఉంది. 2018 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఆపరేషన్‌కో, కీమోథెరపీకో ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. ఓపీ సేవలు ఇందులోకి రావు. మంచం పట్టిన రోగి ఇంటికి డాక్టరు వెళ్లి, మందు మోతాదు సరిచేసి, పుండుకు కట్టు కట్టడం ఎలా చేయాలో ఇంట్లోవాళ్లకు నేర్పి వస్తే, క్లెయిము పెట్టడానికి అందులో ఆసుపత్రిలో చేరిక లేదు, ఆపరేషనూ లేదు.

ఒక్కసారితో తీరే పని కాదు

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ప్రధాన ఔషధం. మెదడులో, వెన్నుపాములో ఉండే ఓపియాయిడ్ గ్రాహకాలకు అతుక్కుని ఇది నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది. సాధారణ మాత్ర ప్రభావం దాదాపు 4 గంటలే. అందుకే నొప్పి వచ్చాక కాకుండా, వేళ ప్రకారం వేసుకోవాలి. ఎంత మోతాదు సరిపోతుందో మనిషి మనిషికీ మారుతుంది. మలబద్ధకానికి తోడుగా మరో మందు ఇవ్వాలి. అంటే డాక్టరు మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి.

చట్టం కూడా డాక్టరు దగ్గరికే వస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ నిల్వ చేయడానికి ఎన్నో లైసెన్సులు కావాల్సి వచ్చేది. 2014 సవరణ దీన్ని సులభం చేసింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థ మార్ఫిన్ ఉంచుకోవచ్చు, కానీ నొప్పి నివారణ, ఉపశమన వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు అక్కడ ఉండాలి. ఆ డాక్టరు లేని చోట మాత్ర ఎంత చవకైనా రోగికి చేరదు. బీజాపూర్ నుంచి రాయ్‌పూర్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ కేంద్రం 400 కిలోమీటర్లకు పైనే. మంచం దిగలేని మనిషికి అది ప్రయాణం చేయగలిగే దూరం కాదు.

జీతం దేనికి?

మారుమూల జిల్లాలకు డాక్టర్లను రప్పించడం బీజాపూర్‌కు కొత్త కాదు. జిల్లా ఖనిజ నిధుల నుంచి ఎక్కువ జీతాలిచ్చి స్పెషలిస్టులను తెచ్చుకున్న అనుభవం ఈ జిల్లాకు ఉంది. అక్కడ పోస్టు ఏమిటో స్పష్టంగా ఉంది: సర్జన్, మత్తు డాక్టర్, స్త్రీవైద్య నిపుణురాలు. ఉపశమన వైద్యానికి అలాంటి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. ఈ విభాగంలో ఎండీ కోర్సును భారత వైద్య మండలి గుర్తించింది 2010లోనే.

బీజాపూర్‌కు సరిహద్దు రాష్ట్రమైన తెలంగాణ వేరే దారి పట్టింది. జిల్లా స్థాయిలో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, డాక్టరు, నర్సులు, ఇంటికి వెళ్లే వాహనం కలిపి ఒక బృందంగా నడుపుతోంది. సిబ్బందికి నెల జీతం ఉంటుంది కాబట్టి, ఒక రోగి ఇంట్లో రెండు గంటలు గడిపినా ఎవరి ఆదాయమూ తగ్గదు. 2008లోనే ఉపశమన వైద్య విధానం ప్రకటించిన కేరళలో పంచాయతీలు కూడా ఇంటి వద్ద సేవలకు నిధులు కేటాయిస్తున్నాయి.

నెల జీతానికీ ఒక చిక్కుంది. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎంతమందికి నొప్పి తగ్గిందన్నది నమోదు చేయకపోతే ఆ వాహనం మరో పనికి వెళ్లిపోతుంది. నొప్పిని 0 నుంచి 10 వరకు రోగి చేతే చెప్పించే కొలమానం వైద్యుల దగ్గర ఉంది. సందర్శనల సంఖ్యతో పాటు ఆ అంకెనూ రిజిస్టరులో రాస్తే, జాంగ్లా జాబితాలో ఉన్న సేవ ఇంటిదాకా చేరుతోందో లేదో తేలుతుంది. జీతం దేనికి ఇస్తున్నారన్నదీ అప్పుడే తెలుస్తుంది.